చేతులు మారిన ఆటలు

విండోస్‌లో ఫ్రీసెల్ ఆడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ పేకాటలో దాపరికం లేదు. 52 ముక్కలూ మొదటి నుంచీ ముఖం కనబడేలా పరిచి ఉంటాయి. అదృష్టానికి పెద్ద పాత్ర లేదు, ఆలోచించినవాడిదే ఆట. ప్రతి పంపకానికీ ఒక నంబరు ఉండేది, 1 నుంచి 32,000 దాకా. నంబరు కొడితే చాలు, ఏ ఊళ్ళో ఏ కంప్యూటర్ మీదైనా అవే ముక్కలు అదే వరుసలో పడేవి. అందుకే ఒంటరిగా ఆడే ఆట అయినా నలుగురి మధ్య మాటగా మారింది. ఒకరు నంబరు చెప్తే ఇంకొకరు రాత్రంతా కూర్చుని దాని అంతు చూసేవారు.

ఆటతో పాటు వచ్చిన సహాయం పేజీలో, ప్రతి పంపకాన్నీ గెలవవచ్చని నమ్ముతున్నామనీ, దానికి రుజువు మాత్రం లేదనీ రాసి ఉండేది. 1994 ఆగస్టులో డేవ్ రింగ్ ఆ మాట తేల్చడానికి ఇంటర్నెట్ ద్వారా మనుషులను కూడగట్టాడు. తలా 100 పంపకాలు పంచుకున్నారు. ఒకరు గెలవలేనిది ఇంకొకరికి అందింది. 1995 ఏప్రిల్ నాటికి ఒక్కటే మిగిలింది: 11982. ఎందరు తలలు పట్టుకున్నా అది లొంగలేదు. తరవాత రాసిన ప్రోగ్రాములు కూడా దాన్ని గెలవడం కుదరదని తేల్చాయి.

ఈ పనికి ఎవరూ ఎవరికీ జీతం ఇవ్వలేదు. ఆ ఆట మీద వాళ్ళకు హక్కూ లేదు. అయినా దాని గురించి దాన్ని తయారుచేసినవాళ్ళకు తెలియనిది వాళ్ళు కనుక్కున్నారు. చిన్న ఆటల చరిత్రను కంపెనీల చరిత్రగా రాసే పుస్తకాలు చదివినప్పుడల్లా నాకు సగం కథే విన్నట్టు ఉంటుంది. ఇవి బతికింది "ఇది చూశావా?" అంటూ పక్కవాడికి చూపించిన మనుషుల వల్ల.

ఆ అలవాటు కంప్యూటర్ ఆటలంత పాతది. 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలకు సందర్శకులు వచ్చే రోజున, చూడవచ్చినవాళ్ళకు విసుగు పుట్టకూడదని విలియం హిగిన్‌బోతమ్ ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆట కట్టాడు. జనం వరస కట్టి ఆడారు. తరవాత దాని భాగాలు విప్పి వేరే పనులకు వాడేశారు. దాన్ని మరో చోటికి తీసుకుపోయే మార్గమే లేదు.

1962లో ఎం.ఐ.టి.లో పుట్టిన స్పేస్‌వార్ కథ వేరు. పీడీపీ-1 అనే యంత్రం మీద స్టీవ్ రసెల్, మిత్రులు కలిసి దాన్ని రాశారు. రెండు నౌకలు, మధ్యలో లాగేసే నక్షత్రం, ఒకదాన్నొకటి కూల్చుకోవడం. పీటర్ శామ్సన్‌కు వెనకాల ఇష్టం వచ్చినట్టు చల్లిన చుక్కలు నచ్చలేదు, అసలు ఆకాశంలోని నక్షత్రాలనే లెక్క ప్రకారం పెట్టాడు. నౌకలను తిప్పడానికి మరికొందరు చేతి పెట్టెలు తయారుచేశారు. ఎవరూ అమ్మకానికి పెట్టలేదు. కాగితపు టేపు మీద చిల్లులుగా ఉన్న ఆ ప్రోగ్రాము అడిగినవాడికల్లా నకలు దొరికేది. అటువంటి యంత్రాలు తయారైందే 50 పైచిలుకు. అయినా అవి ఉన్న చోటికల్లా ఆట చేరింది, తరవాత వేరే యంత్రాలకూ పాకింది. ఈనాటికీ కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో, బాగుచేసిన పీడీపీ-1 మీద అది నడుస్తోంది.

1973లో డేవిడ్ ఆల్ మరో దారి తీశాడు. బేసిక్ భాషలో రాసిన 101 ఆటలను పుస్తకంగా అచ్చు వేయించాడు. కావలసినవాళ్ళు చూసి టైపు చేసుకోవాలి. ఒక్క కామా తప్పితే ఆట నడవదు. తప్పు వెతుక్కుంటూ ఎందరో పిల్లలు ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నారు. తర్వాత వచ్చిన కూర్పు 10 లక్షల ప్రతులు దాటింది.

ఇక టెట్రిస్. దీని దగ్గర కాస్త ఆగాలి. 1984లో మాస్కోలో, సోవియట్ విజ్ఞాన అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని ఎలెక్ట్రోనికా-60 మీద రాశాడు. ఆ యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు, అక్షరాలు మాత్రమే వచ్చు. అందుకని బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి ముక్కలు చేశాడు. వదీమ్ గెరాసిమోవ్ అనే 16 ఏళ్ళ విద్యార్థి దాన్ని ఐబీఎం పీసీకి మార్చి రంగులద్దాడు. అక్కణ్ణించి ఫ్లాపీల మీద పాకింది. మాస్కో నిండింది, హంగరీ చేరింది, అక్కడ ఒక బ్రిటన్ వ్యాపారి కంట పడింది. ఆ తరవాతే హక్కులు, ఒప్పందాలు, కోర్టులు. 1989 ఫిబ్రవరిలో హెంక్ రోజర్స్ అనే ఆటల వ్యాపారి మాస్కో వెళ్ళి మాట్లాడుకున్నాక నింటెండో గేమ్‌బాయ్‌తో అది ప్రపంచమంతా తిరిగింది. పజిత్నోవ్‌కు మాత్రం హక్కులు దక్కడానికి 1996 దాకా పట్టింది. పంచుకోవడం గురించి పొగుడుతూ రాసేటప్పుడు ఈ సంగతి దాటేయకూడదు. ఉచితంగా చేతులు మారిన దాని మీద సొమ్ము చేసుకున్నవాళ్ళు వేరు, దాన్ని పుట్టించినవాడు వేరు.

అదే ఆట మన వీధుల్లోకి బ్రిక్ గేమ్‌గా వచ్చింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, బూడిదరంగు తెర, రెండు పెన్సిల్ సెల్లులు. ఇక టీవీకి తగిలించే వీడియోగేమ్ క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది. పెట్టి చూస్తే పదో ఇరవయ్యో ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ వీడియోగేమ్ డబ్బాలు ఒక జపాన్ యంత్రానికి నకళ్ళనీ, ఆ ఆటలకు అసలు పేర్లు వేరే ఉన్నాయనీ మనలో చాలామందికి పెద్దయ్యాక గానీ తెలియలేదు. కానీ మారియోనూ కాంట్రానూ ఈ దేశానికి పరిచయం చేసింది ఆ నకలు క్యాసెట్లే. సెలవుల్లో ఒకరి క్యాసెట్టు ఒకరు తీసుకుని ఆడటం వల్లే అవి ఇంటింటికీ తిరిగాయి.

సాలిటేర్ కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1988లో మైక్రోసాఫ్ట్‌లో శిక్షణకు చేరిన వెస్ చెర్రీ అనే విద్యార్థి రాశాడు, పేకముక్కల బొమ్మలు సూసన్ కేర్ గీసింది, 1990లో విండోస్ 3.0తో వచ్చింది. చెర్రీకి రాయల్టీ రాలేదు. మన ఆఫీసుల్లో గుమాస్తాలు మౌసు పట్టుకోవడం అలవాటు చేసుకుంది చాలావరకు ఆ ముక్కలు లాగుతూనే.

ఇంటర్నెట్ వచ్చాక చూపించడం ఆట కంటే పెద్దదైంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ పరిశోధకులు కాఫీ కోసం దూరం గదికి నడిచి వెళ్ళి, ఖాళీ కూజా చూసి వెనక్కి వచ్చేవారు. ఆ బాధ పడలేక 1991లో కూజాకు ఎదురుగా కెమెరా పెట్టారు. 1993లో ఆ దృశ్యం వెబ్‌లోకి ఎక్కింది. 128 చుక్కల వెడల్పూ అంతే ఎత్తూ ఉన్న నలుపు తెలుపు బొమ్మ. అందులో కాఫీ ఉందా లేదా అన్నదొక్కటే వార్త. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి చూశారు. 2001 ఆగస్టులో కెమెరా ఆపేసినప్పుడు ఆ కూజా 3,350 పౌండ్లకు వేలంలో పోయింది, కొన్నది ఒక జర్మన్ పత్రిక. ఎక్కడో ఉన్న గదిలోకి తొంగిచూడగలగడం ఆనాటికి అంత వింత.

1994 ఆగస్టులో గ్లెన్ డేవిస్ రోజుకొక్క వింత వెబ్‌సైట్‌ను ఎంచి చూపించడం మొదలుపెట్టాడు. రోజుకు ఒక్కటే. ఆ ఒక్కటీ ఏదన్నది మనిషి నిర్ణయం. మన పత్రికల్లో ప్రపంచపు వింతల శీర్షికలు చేసిన పనే అది. సంపాదకుడు ఎక్కడెక్కడో చదివి, ఏరి, రెండు వాక్యాల్లో అందించేవాడు. ఇవాళ ఫోను తెర మీద ఒకదాని వెంట ఒకటి జారిపోయే వీడియోలను ఎంచేది యంత్రం. తేడా ఎంత ఉందో పాత శీర్షికల కోసం వారమంతా ఎదురుచూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది, మొదట నాలుగు మహానగరాల్లో. మన ఊళ్ళకు అది నెట్ సెంటర్ రూపంలో చేరింది. ప్లైవుడ్ అరలు, గంటకింత అని పుస్తకంలో పద్దు, టెలిఫోను తీగ మీద నత్తనడక. ఆ నడకకు సరిపోయేలా తయారైనట్టు వచ్చింది ఫ్లాష్. జొనథన్ గే బృందం 1996లో విడుదల చేసిన బొమ్మల పనిముట్టును మాక్రోమీడియా కొని ఆ పేరు పెట్టింది. బొమ్మను చుక్క చుక్కగా కాకుండా గీతల లెక్కగా దాచడం దాని కిటుకు. అందుకే మొత్తం ఆట కొద్ది వందల కిలోబైట్లలో ఇమిడేది.

ఫ్లాష్ చేతికి వచ్చాక ఆట చేయడానికి కంపెనీ అక్కర్లేకపోయింది. టామ్ ఫుల్ప్ నడిపిన న్యూగ్రౌండ్స్‌లో ఎవరైనా తమ ఆట పెట్టవచ్చు, చూసినవాళ్ళు మార్కులు వేసేవారు. ప్రాగ్‌లో యాకుబ్ ద్వోర్స్కీ అనే విద్యార్థి 2003లో తన చదువు చివరి పనిగా సమొరోస్త్ చేశాడు. నాచు పట్టిన మానుల మీద నడిచే తెల్ల దుస్తుల చిన్న మనిషి, మాటల్లేని కథ. ఫెర్రీ హలీమ్ చేసిన ఆటల్లో ఒకటి నాకు ప్రాణం. మంచు కురుస్తుంటే తెల్లటి కుందేలు మోగే గంటల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి ఎగురుతూ ఆకాశంలోకి పోతుంది. గెలుపు లేదు, శత్రువు లేడు, పడిపోవడమే ముగింపు. అంత శాంతంగా ఉండే ఆట మళ్ళీ నాకు దొరకలేదు.

2010లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ను ఎందుకు రానివ్వడో బహిరంగ లేఖ రాశాడు. భద్రతా లోపాలు, బ్యాటరీ తినడం వంటి ఆరోపణల్లో నిజముంది. అప్పటికే ఫ్లాష్‌ను చేతిలోకి తీసుకున్న అడోబీ 2017 జులైలో దాన్ని మూసేస్తామని ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ఆటలను అడ్డుకుంది. ఇరవై ఏళ్ళ పాటు వేలాది మంది చేసిన పని ఒక్క తేదీతో తెరల మీద నుంచి పోయే పరిస్థితి వచ్చింది.

పోలేదు. బెన్ లాటిమోర్ మొదలుపెట్టిన ఫ్లాష్‌పాయింట్‌లో స్వచ్ఛందంగా చేరినవాళ్ళు ఇప్పటికి 2 లక్షలకు పైగా ఆటలను, బొమ్మల కథలను భద్రపరిచారు. రఫుల్ అనే ప్రోగ్రాము అడోబీ సాయం లేకుండా పాత ఫ్లాష్ ఆటలను నడిపిస్తోంది. బ్రూస్టర్ కాల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులోనే వాటికి చోటిచ్చింది. పాత డాస్ ఆటలు వేల సంఖ్యలో అక్కడ బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు.

ఇది మనకు కొత్త పని కాదు. తాటాకు మూడు నాలుగు వందల ఏళ్ళకు మించి నిలవడం కష్టం. పాత తెలుగు కావ్యాలు మన దాకా వచ్చాయంటే ఆకు చివికిపోయే లోపు ఎవరో కూర్చుని ఎత్తిరాశారు కాబట్టే. సి.పి.బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి చేయించింది ఆ పనే, ప్రతులు సేకరించి, పోల్చి, మళ్ళీ రాయించడం. ఎత్తిరాయని కావ్యాలు పేర్లుగా మిగిలాయి. ఫ్లాష్ ఆటలు ఫైళ్ళు కాబట్టి ఎత్తిరాయడం కుదిరింది. 2009లో వచ్చి, బాగా నడిచిన రోజుల్లో నెలకు 8 కోట్ల మంది ఆడిన ఫార్మ్‌విల్ మాత్రం 2020 చివరి రోజున ఆగిపోయింది. అది నడిచింది కంపెనీ యంత్రాల మీద, ఆడేవాళ్ళ చేతిలో దాని ప్రతి ఏదీ లేదు. ఈ రోజు ఫోన్లలో ఆడే ఆటల్లో ఎక్కువ భాగం ఆ జాతివే. నాకు భయం వేసేది ఇక్కడే.

2021 చివర్లో వచ్చిన వర్డిల్ అనే ఇంగ్లీషు పదాల ఆట మళ్ళీ పాత దారి చూపింది. జాష్ వార్డిల్ దాన్ని పదాల ఆటలంటే ఇష్టపడే తన భాగస్వామి పాలక్ షా కోసం చేశాడు. నవంబరు 1న ఆడింది 90 మంది, జనవరి 2 నాటికి 3 లక్షలు. జవాబు బయటపెట్టకుండా ఫలితం చూపించే రంగు గళ్ళు దాన్ని పాకించాయి. ఆట మొత్తం ఒక్క పేజీలో ఇమిడి ఉండటంతో, జనవరి చివర న్యూయార్క్ టైమ్స్ కొన్నదని తెలియగానే చాలామంది ఆ పేజీని తమ కంప్యూటర్లలో దాచుకున్నారు. కొన్నేళ్ళకు సరిపడా పదాలు అందులోనే ఉన్నాయి.

తెలుగులో అటువంటి ఆట చేయాలంటే ముందు అక్షరమంటే ఏమిటో యంత్రానికి నేర్పాలి. మన గళ్ళ నుడికట్టులో "స్త్రీ"కి ఒకే గడి. యూనికోడ్ లెక్కలో అది ఆరు గుర్తులు. మన గడిని మన అక్షరంతో నింపే ఆటలు మనవాళ్ళే చేయాలి, బయటివాళ్ళకు ఆ ఇబ్బంది తట్టదు.

చట్టం ఈ సంరక్షకులకు ఇంకా తోడుగా లేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకవని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. వాటిని పరిశోధకులకు దూరం నుంచి చూసే వీలు కల్పిస్తామని గ్రంథాలయాలు అడిగితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం కుదరదంది. అమ్మరు, దాచనివ్వరు. ఇది అన్యాయమే.

మీ అటక మీద పాత సీపీయూ ఉంటే, కంప్యూటర్ పత్రికలతో ఉచితంగా వచ్చిన సీడీల కట్ట ఉంటే, అందులో ఎవరో చదువుకునే రోజుల్లో చేసిన తెలుగు ఆటో, అక్షరాలు నేర్పే ప్రోగ్రామో ఉండవచ్చు. సీడీల పూత ఊడిపోతుంది, హార్డ్ డిస్కు ఒకనాటికి తిరగడం మానేస్తుంది. పాత సామానులవాడికి వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. చేసినవాళ్ళు తెలిస్తే అడిగి, ఒక ప్రతి తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. అందుకు ఖర్చేమీ కాదు, ఒక మధ్యాహ్నం చాలు.