రెండు గడపల నడుమ తొలియేడు

పెండ్లి ఒకనాటితో ముగియును గాని, కాపురము ఒకనాటితో కుదురుకొనదు. భూపాలపల్లి పరిసర గ్రామములలో పెద్ద ముత్తైదువలు కొత్తకోడలి సంసారమును నెలలతో లెక్కింపరు. ఆషాఢమునకు పోయినదా, బతుకమ్మకు వచ్చినదా, ఒడిబియ్యము పోసినారా యని పండుగలతో లెక్కింతురు. పైకి ఇది వేడుకల వరుసవలెనే తోచును. పరికించి చూచినచో, కన్నవారింటి గడపకును అత్తవారింటి గడపకును నడుమ ఒక ఆడబిడ్డ సాగించు రాకపోకల పట్టిక యిది.

ఈ రాకపోకలు ఒకప్పుడు సులభసాధ్యములు కావు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాకు నేడు కేంద్రమైన భూపాలపల్లి అంతకుముందు వరంగల్లు జిల్లాలోని అటవీసీమకు చెందినది. సమీపముననే కాకతీయులనాటి గణపురపు చెరువును కోటగుళ్లును కలవు. ఉత్తరమున కాళేశ్వరము చెంత ప్రాణహితను గలుపుకొని గోదావరి పారుచున్నది. నడుమనున్నదంతయు అడవి, వాగులు, బండ్లబాటలు. ఎడ్లు పూన్చిన కచ్చురములో, గుడ్డతెర చాటున, అన్నయో మేనమామయో తోడురాగా కొత్తకోడలు పయనమగుటయే ఒక చిన్న యాత్ర.

ఆ కోడలి వయస్సును గూడ స్మరింపవలసియున్నది. బాల్యవివాహములు సాగిన కాలమున పెండ్లియైన పిల్ల ఈడేరువరకు కన్నవారింటనే యుండి, పండుగలకు మాత్రము అత్తవారింటికి పోయివచ్చెడిది. అప్పుడు తొలియేడనగా పెండ్లినాటినుండి గాక, కాపురమునకు పంపిన నాటినుండి లెక్కకు వచ్చెడిది. బాల్యవివాహములను నిరోధించిన 1929 నాటి శారదాచట్టము బ్రిటిషు ఇండియాకే పరిమితమగుటచే నిజాము రాజ్యమందలి పల్లెలకు దాని నీడ సోకలేదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ జరిగిన పిదప సంఘసంస్కారమును గూర్చిన మాట ఈ వైపు ఊళ్లలో మెల్లమెల్లగా వినవచ్చెను. పసిపిల్లను ఒక్కసారిగా పరాయి యింటికి అప్పగింపక, పండుగకొక మారుగా అలవాటుచేసిన నేర్పు ఆ ఆచారములలో నిలిచియున్నది. పిల్ల పెద్దదైనను పద్ధతి మారలేదు.

వరుసలో మొదటిది పదహారురోజుల పండుగ. ఆనాడు పుట్టింటివారి పుస్తెను అత్తింటివారి పుస్తెను ఒక్కచోట చేర్చి నల్లపూసలు గ్రుచ్చుదురు. తరువాత వచ్చునది ఆషాఢము. అత్తాకోడళ్లు ఒక్క గడప దాటరాదని కోడలిని పుట్టింటికి పంపుదురు. ఆ మాసమున గర్భము నిలిచినచో ప్రసవము చైత్రవైశాఖముల మండుటెండలలో పడునని పెద్దలు చెప్పు కారణము. దుక్కులు, నాట్లు ముంచుకొనివచ్చు వేళ పడుచువాని మనస్సు పొలముపై నుండవలెనని రైతులు చెప్పు కారణము. ఈ సీమను జూచినవానికి మూడవ కారణమును తోచును: వాగులు. 2023 జూలైలో మోరంచవాగు ఒక్క రాత్రిలో పొంగి మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు, రోడ్లును వంతెనలును లేని కాలమున వానకారు ప్రయాణమెట్టిదో మనకు బోధపడినది. వాగులు నిండకమునుపే పిల్లను తెచ్చుకొనుట తల్లిదండ్రుల ముందుచూపు.

శ్రావణమున మంగళగౌరీ నోము పట్టు ఇండ్లలో కొత్తకోడలు మొదటియేటి నోమును పుట్టింటనే నోచి, నానిన శనగలు వాయనమిచ్చును. భాద్రపదము ముగియు వేళ ఆమె జీవితమున వచ్చిన మార్పు వాడకంతకు తెలిసిపోవును. నిరుటివరకు పుట్టమన్నుతో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను పెట్టి కన్నెపిల్లలతో ఆడినది, ఈయేడు ఆ గుంపును విడిచి, ఎంగిలిపూలనాడు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను ఎత్తుకొని ముత్తైదువల వలయమున నిలుచును. ఆ వలయములో పాడు పాటలలో కలవారి కోడలి కథ యొకటి: అన్న తోలుకపోవచ్చెను, కోడలు అత్తను అడుగగా ఆమె మామను అడుగుమనును, అతడు మరియొకరిపై వేయును, తుదకు మగడు సెలవిచ్చును. పుట్టింటికి పోవుట హక్కుగాక అనుమతిగా నుండిన కాలపు చరిత్ర యిది. శాసనములలో కానరానిది పాటలో దొరకును. సద్దులనాడు బతుకమ్మ చెరువునకు చేరగా, దసరాకు అల్లుడు వచ్చును. కొత్తబట్టలు కట్టి, జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో బెట్టి కాళ్లు మ్రొక్కును.

ఈ వరుసకంతకు మకుటము ఒడిబియ్యము. కూతురిని పీటపై కూర్చుండబెట్టి, పసుపు కలిపిన బియ్యమును సోలతో కొలిచి, తల్లిదండ్రులు ఆమె ఒడిలో పోయుదురు. కుడుకలు, ఖర్జూరములు, పోకలు, పసుపుకొమ్ములు, రవికెబట్ట తోడగును. చీరచెంగు బిగించి ముడివేయగా ఆ బరువునకు నడుము వంగును. అత్తవారింట ఆ బియ్యము వండి ఇరుగుపొరుగును పిలిచి పెట్టుటతో, కన్నవారి గింజ మెట్టినయింటి అన్నమగును. కొన్ని యిండ్లలో ఆమె బయలుదేరుటకు ముందు ఒడినుండి పిడికిళ్లతో కొంత తీసి పుట్టింటనే విడుచును, ఆ యింటి సిరి తనవెంట తరలిపోరాదని. 2019లో ములుగు వేరుపడువరకు ఈ జిల్లాలోనే యుండిన మేడారమున, రెండేండ్లకొకమారు మాఘమున గద్దెకు వచ్చు సమ్మక్కకును స్త్రీలు ఈ ఒడిబియ్యమునే సమర్పింతురు. కూతురికిచ్చు గౌరవముకన్న మిన్నయైనదేదియు దేవతకిచ్చుటకు వారికి తోచలేదు.

నేడు అల్లుడు సింగరేణి గనిలో షిఫ్టునకు పోవువాడు. దసరాకు ముందు కంపెనీవారిచ్చు లాభాలవాటాతో కొత్తబట్టలు కొనువాడు. అత్తవారిల్లు ఒక కాలనీ, పుట్టిల్లు మరొక కాలనీ యైనచోట ఆషాఢపు ఎడబాటు రెండు వీధుల దూరమునకు కుదించుకొనిపోయినది. సెలవడుగవలసిన పనియు చాలమంది కోడళ్లకు తప్పినది. అయినను కొలత మారలేదు. వాకిట కారు హారన్ మ్రోగుచుండగా, తల్లి పాత సోలనే వెదకి తెచ్చును. కూతురు ఒడి పట్టుకొని లేచి, గడపయొద్ద ఆగి, పిడికెడు బియ్యము వెనుకకు విడిచి బయలుదేరును.