పాతాళంలో బందీ అయిన రాజు: బలి కథ, డప్పు, భూమి

పురాణాల్లో ఓడిపోయినవాళ్లు చావరు. వాళ్లను భూమి కిందికి తొక్కుతారు. గుహలోకి తోలి బండ మూస్తారు. పొలిమేరలో రాయి చేసి పాతుతారు. ఆ మీదట రాక్షసులు, భూతాలు, బేతాళులు అని పేర్లు పెట్టి, వాళ్లు మళ్లీ పైకి వస్తారేమోనని తరతరాలు భయపడతారు. ఇదంతా కట్టుకథ అని కొట్టేస్తే మన పని మనం వదులుకున్నట్టే. ఎవర్ని తొక్కిండ్రు, దేనికోసం తొక్కిండ్రు, గెలిచినోళ్లు ఈ కథను ఇన్నిసార్లు ఎందుకు చెప్పవలసి వచ్చింది అని అడగాలి. ఈ ప్రశ్నను పాతాళానికి రాజు చేసి బంధించిన బలి చక్రవర్తి నుంచి మొదలుపెట్టి, పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దాకా తీసుకురావడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ పెరిగిన తీరు

బలి కథ మొదటినుంచీ ఇట్లనే లేదు. ఋగ్వేదంలో విష్ణువు మూడడుగులు వేస్తాడు, కానీ అక్కడ బలి లేడు, దానం లేదు, పాతాళం లేదు. శతపథ బ్రాహ్మణానికి వచ్చేసరికి కథలోకి భూమి తగాదా దిగుతుంది. దేవతల మీద గెలిచిన అసురులు భూమిని పంచుకుంటుంటారు. ఎద్దు తోళ్లు పరిచి పడమటి నుంచి తూర్పుకు కొలుస్తుంటారు. దేవతలు వామనుడైన విష్ణువును ముందు పెట్టుకొని వచ్చి మాకూ వాటా కావాలంటారు. ఈ పొట్టివాడు పండుకున్నంత జాగ ఇస్తామని అసురులు గొణుక్కుంటూ ఒప్పుకుంటారు. అప్పుడు దేవతలు విష్ణువు చుట్టూ ఛందస్సులతో కంచె కట్టి, ఆ ఉపాయంతో భూమి మొత్తం దక్కించుకుంటారు.

ఇక్కడ రెండు కొలతలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి తోలు, ఇంకోటి మంత్రం. దీన్నిబట్టి అసురులంతా మాదిగలే అంటే అది చరిత్ర కాదు. కానీ తోలుతో కొలుచుకున్న భూమి మంత్రంతో చేజారిందని వాళ్ల గ్రంథమే చెప్పుకుంటున్నది. పటేల్ పట్వారీల రికార్డుల్లో తమ సాగుభూములు రాత్రికి రాత్రి దేశ్‌ముఖుల పేర్ల మీదికి మారిపోవడం చూసిన తెలంగాణ రైతుకూలీలకు ఈ కథ కొత్తది కాదు. మంత్రం స్థానంలో దస్తావేజు వచ్చింది. రెండూ చదువురానివాడికి అర్థం కాని భాషలోనే ఉన్నాయి.

భాగవతం ఎనిమిదో స్కంధంలో బలి పూర్తిగా మనముందు నిలబడతాడు. హిరణ్యకశిపుని కొడుకు ప్రహ్లాదుడు, అతని కొడుకు విరోచనుడు, అతని కొడుకు బలి. మూడో అడుగుకు జాగ లేక మాట తప్పినవాడయ్యాడని గరుడుడు అతన్ని వరుణపాశాలతో కట్టేస్తాడు. భార్య వింధ్యావళి, తాత ప్రహ్లాదుడు వచ్చి మాట్లాడుతారు. తర్వాత బలిని సుతలానికి పంపుతారు. విష్ణువే వాకిట్లో కావలి ఉంటాడు. అంతేకాదు, రాబోయే సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి నీదేనని మాట ఇస్తారు.

ఖైదీ గడప దగ్గర కావలి ఉన్నవాణ్ని భక్తసులభుడు అన్నారు. జైలును స్వర్గం కంటే మేలైన చోటు అన్నారు. గుంజుకున్న రాజ్యాన్ని తిరిగి ఇయ్యడానికి మన్వంతరం దాకా వాయిదా వేశారు. ఈ మూడు మాటలు కలిపి చదివితే బ్రాహ్మణీయ న్యాయం పనిచేసే తీరు తెలుస్తుంది. అది ఓడినవాణ్ని పొగుడుతుంది, కానీ విడుదల చేయదు.

15వ శతాబ్దంలో పోతన ఈ ఘట్టాన్ని తెలుగు చేసిండు. ఆయన పేరుతో చెప్పుకునే బమ్మెర ఊరు ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది. పోతన బలికి గొప్ప పద్యాలు ఇచ్చిండు, ఆ మాట కాదనేది లేదు. తరాల తరబడి మన బళ్లల్లో వామన చరిత్ర పాఠంగా ఉంది. మా ఇంట్లో నాకు ముందు బడి మెట్లు ఎక్కినోళ్లు లేరు. పద్యాలు కంఠస్థం పట్టుకుంట నేను మా అవ్వకు కథ చెప్తే, ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: ‘‘ఇచ్చినోన్నే తొక్కిండా కొడుకా?’’ దానగుణం గురించి పరీక్షల్లో ఎన్నిసార్లు రాసిన్నో లెక్కలేదు. ఈ ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు.

డప్పు కొట్టింది ఎవరు?

భాగవతంలోని ఈ ఘట్టంలోనే మన పరిశోధకులు ఆగి చూడవలసిన చోటు ఒకటుంది. వామనుడు మూడు లోకాలు ఆక్రమించగానే ఆ గెలుపును దిక్కుదిక్కులా భేరి మోగించి చాటింపు వేసింది ఎలుగుల రాజు జాంబవంతుడు.

జాంబవంతుడు ఎవరు? మాదిగల మూలపురుషుడు. చిందు మాదిగలు ఆడే, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణంలో ఆయన భూమి పుట్టకముందే పుట్టినవాడు. దేవతలకంటే పెద్దవాడు, ఆది జాంబవుడు. తెలంగాణ ఊళ్లల్లో మాదిగలు తమ కులం పుట్టుక గురించి విన్న కథ ఇది.

ఒక పురాణంలో సృష్టికే పెద్దదిక్కు అయినవాడు ఇంకో పురాణంలో చాటింపు వేసేవాడయ్యిండు. మన ఊళ్లల్లో జరిగింది కూడా ఇదే కదా. డప్పు మన కళ, మన చేతి పని, మన తోలు. దాన్ని మోగించే పనిని మాత్రం వెట్టి చేశారు. దొర పెండ్లికి కొట్టాలె, దొర చావుకు కొట్టాలె, పంచాయితీ పెట్టినా, జప్తు చేసినా ఊరంతా చాటాలె. మన భూమి పోయిన వార్తను మనచేతనే చాటించారు. బలి ఓటమిని జాంబవంతునితో చాటించడం పురాణకర్త ఊహే కావచ్చు. కానీ ఆ ఊహకు ఊళ్లో ఉన్న ఏర్పాటుకు పోలిక ఉందనడానికి పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. రెండు పురాణాలు ఒకే మనిషి కోసం కొట్లాడుతున్నాయి. జాంబపురాణాన్ని ‘జానపదం’ అని, భాగవతాన్ని ‘సాహిత్యం’ అని పిలిచేంతకాలం ఈ కొట్లాట మనకు కనిపించదు.

ధర్మపురి: చావుకు ఇద్దరు పనివాళ్లు

ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్న ధర్మపురి 2016 దాకా కరీంనగర్ జిల్లాలోనిదే. గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి ఉంది. బలి ముత్తాతను చంపిన దేవుడు ఈయనే. అదే చోట యమధర్మరాజు గుడి కూడా ఉంది. యమునికి గుడి ఉండడం అరుదు. ధర్మపురికి పోయినవాడికి యమపురి లేదని సామెత. అసురుణ్ని చంపిన దేవుడూ, చచ్చినవాళ్లను ఏలే దేవుడూ ఒక్కచోట ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ పండుగల వరస చూడండి. నరక చతుర్దశి, దీపావళి, బలి పాడ్యమి, యమ విదియ. నాలుగు రోజుల్లో ఒక అసురుని చావు, ఒక అసురుని బందీ, చచ్చినోళ్ల రాజుకు పూజ అన్నీ అయిపోతాయి.

చావు చుట్టూ రెండు రకాల పని ఉంది. రేవులో మంత్రం చెప్పే పనికి దక్షిణ, గౌరవం, పుణ్యం ఉన్నాయి. ఊళ్లో చావు కబురు మోయడం, గుంత తవ్వడం, డప్పు కొట్టడం, చచ్చిన పశువును ఎత్తడం మాల మాదిగల మీద పడ్డ పనులు. వాటికి మిగిలింది అంటరానితనం. 11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలో త్రివిక్రమసేనుడు అనే రాజు శవాన్ని భుజాన వేసుకొని బేతాళుని కథలు వింటాడు. ‘చందమామ’లో ఆ బొమ్మ చూడని తెలుగు పిల్లలు తక్కువ. రాజు పీనుగును మోయడం కథల్లోనే జరుగుద్ది. ఊళ్లో ఆ పని రాజుకు చెప్పినవాడు లేడు.

గోండుల గుహ

ఆదిలాబాద్‌కు పోతే కథ ఇంకో దారి పడుతుంది. గోండుల పుట్టుక కథను స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ నాగపూర్ ప్రాంతంలో రాసిపెట్టగా, ఆయన చనిపోయిన తర్వాత 1866లో అచ్చయింది. ఆదిలాబాద్ కథలను హైమెండార్ఫ్ 1940లలో సేకరించి 1948లో ప్రచురించిండు. హిస్లాప్ రాసిన కథలో మహాదేవునికి గోండుల కంపు గిట్టదు. తన ధవళగిరి అంతా వాసన వస్తున్నదని వాళ్లను గుహలోకి పంపి బండ మూస్తాడు. కావలికి భస్మాసురుణ్ని పెడతాడు. లింగో వచ్చి బండ తొలగించి వాళ్లను బయటికి తీసుకొస్తాడు.

కంపు అనే ఆరోపణ మనకు కొత్తనా? వాసన పేరు చెప్పి దూరం పెట్టడం, ఆ దూరానికి కాపలాగా ఇంకో కిందివాణ్నే నిలబెట్టడం, ఈ రెండూ కులవ్యవస్థకు బాగా తెలిసిన ఎత్తులు. తేడా ఎక్కడంటే, ప్రధానులు కికిరి వాయిస్తూ చెప్పే గోండు కథలో బందీలు విడుదలైతరు. చచ్చిపోయినవాళ్లు కూడా భూతాలై తిరగరు, కుల దేవుడైన పెర్సపేన్‌లో కలిసి తమవాళ్లతోనే ఉంటరు. కథ చెప్పే హక్కు ఎవరి చేతుల్లో ఉందో దాన్నిబట్టే గుహ తలుపు తెరుచుకుంటుంది. గోండులు ఆదివాసులు, దళితులు కారు. వాళ్ల కథను మన ఖాతాలో వేసుకోవద్దు. పక్కన కూర్చొని నేర్చుకోవచ్చు.

ఫూలే, తెలుగు మేస్త్రీలు, అంబేడ్కర్

బలిని పాతాళం నుంచి చరిత్రలోకి లాగినవాడు మహాత్మా జోతిరావు ఫూలే. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చిన ‘గులాంగిరీ’లో, 1873లో, ఆయన బలిని రైతుల రాజుగా నిలబెట్టిండు. వామనుణ్ని దండెత్తి వచ్చినవాడిగా చూపిండు. ఖండోబా, మ్హసోబా లాంటి ఊరి దేవుళ్లను బలి రాజ్యంలోని అధికారులుగా చదివిండు. పీడలు తొలగాలె, బలి రాజ్యం రావాలె అని మరాఠీ ఆడవాళ్లు పండుగనాడు అనే మాట ఆయనకు సాక్ష్యం. కేరళలో ఓణం నాడు మహాబలి తిరిగివస్తాడని నమ్మడం కూడా ఇట్లాంటి జ్ఞాపకమే.

ఆ సంవత్సరమే పుట్టిన సత్యశోధక్ సమాజ్‌కు అండగా నిలిచినవాళ్లలో ముంబై తెలుగువాళ్లున్నారు. వ్యంకు బాలూజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు. నిజాం రాజ్యం నుంచి వలసపోయి ముంబైని కట్టిన కామాఠీల లోకం వాళ్లది. ఎక్కువమంది శూద్ర కులాలవాళ్లు. తెలుగు దేశంలో మనం ఫూలేను చదవడానికి ఎన్నో ఏండ్ల ముందే తెలుగు మేస్త్రీలు ఆయన్ని విన్నరు. మన చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు ఒక పేరా అయినా దక్కాలి.

కానీ ఫూలే చెప్పినదంతా అక్షరాలా చరిత్ర అనుకోవద్దు. ఈ మాట అన్నది వ్యతిరేకులు కాదు, అంబేడ్కర్. 1946లో ‘శూద్రులెవరు?’ పుస్తకాన్ని ఫూలేకు అంకితమిస్తూనే, ఆర్యులు ఒక జాతిగా వచ్చి దాసులను జయించారన్న సిద్ధాంతాన్ని అందులో తిరస్కరించిండు. 2019లో వెలువడ్డ పురాతన డీఎన్ఏ పరిశోధన క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో గడ్డిమైదానాల నుంచి వలసలు జరిగినట్టు చూపింది. ఆ తర్వాత జనం పెద్ద ఎత్తున కలిసిపోయారని కూడా ఈ రంగంలో పరిశోధనలు చెప్తున్నాయి. కాబట్టి కులాన్ని రక్తంతో కొలవలేం. బలి అనే రాజు ఫలానా చోట ఏలిండని రుజువు చేయడం మన పని కాదు. బలిని బందీ చేసిన కథ ఏ భూమి సంబంధాలను న్యాయమని నిలబెట్టిందో చూపడం మన పని. అక్కడ ఫూలే నిలబడతాడు, అంబేడ్కర్ కూడా నిలబడతాడు.

మూడడుగులు, మూడెకరాలు

1978లో జగిత్యాల జైత్రయాత్రలో రైతుకూలీలు దొరల వెట్టికి, కబ్జాలకు ఎదురు నిలిచినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన జవాబు జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. భూమి అడిగినవాళ్లు మళ్లీ రాక్షసులయ్యిండ్రు. 1991లో చుండూరులో చంపబడ్డ దళితులను ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నరు. పొలిమేర అవతలికి పోవలసిన మన చావు మొదటిసారి ఊరి మధ్యకు వచ్చింది. 2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలుపెట్టింది. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగింది. 2021లో హుజూరాబాద్‌లో దళితబంధు వచ్చింది, భూమి మాట వెనక్కి పోయింది. దానం అడిగినవాడు మూడడుగులతో మూడు లోకాలు తీసుకున్నడు. మూడెకరాలు ఇస్తామన్న మాట మాత్రం వచ్చే మన్వంతరానికి వాయిదా పడ్డది.

విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయులకు ఒక పని చెప్పి ముగిస్తాను. వామన చరిత్ర పాఠం చెప్పే రోజున జాంబపురాణం చెప్పగల పెద్దమనిషిని బడికి పిలవండి. చిందు, డక్కలి, ప్రధాన్ కథకులు ముసలివాళ్లవుతున్నారు. వాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే, దిద్దకుండా రాసిపెట్టండి. ఏ ఊళ్లో ఎవరి భూమి ఏ కాగితం మీద పోయిందో ఆ కథల పక్కనే రాయండి. బండ ఎంత బరువుందో తెలిస్తేనే ఎంతమంది చేతులు కలపాలో తెలుస్తుంది.