కృష్ణా డెల్టా చదువులు – పిల్లల ఆత్మహత్యలు

పరీక్ష తప్పిన పిల్లవాడు ప్రాణం తీసుకుంటే లోకం రెండు మాటలతో సరిపెడుతుంది: పిరికివాడు, లేదా తలరాత. రెండూ ఆ పిల్లవాణ్ణి సమాజం నుండి వేరుచేసి చూసే మాటలే. మనిషిని సమాజం ఎంత దగ్గరగా పట్టి ఉంచుతున్నదన్న విషయంతో ఆత్మహత్య ముడిపడి ఉన్నదని ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు దుర్కైమ్ 1897లోనే వాదించాడు. ఆ దృష్టితో మన డెల్టాను పరిశీలించవలసి ఉన్నది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవల కింద మాగాణి పండి, ఆసామి చేతిలో మిగులు చేరింది. అందులో కొంత చదువులకు మళ్లింది. 1950లో గుడివాడలో కళాశాల వెలిసింది. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 1983 నాటి చట్టం కాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1986లో ఎంసెట్ ప్రారంభమైంది. సీటు అమ్మకాన్ని అరికట్టబోతే ర్యాంకు అమ్మకం బలపడింది. విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు లేచాయి. డెల్టా మిగులు ఈసారి దానంగా గాక పెట్టుబడిగా చదువులోకి వచ్చింది.

ఈ వ్యాపారానికి సరుకు పదిహేనేళ్ల పిల్లలు. ఇప్పుడు ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతివాళ్లు కూడా. తెల్లవారుజాము నుండి రాత్రి దాకా చదువు, వారం వారం పరీక్ష, మార్కులనుబట్టి సెక్షన్లు. కౌలు రైతు అప్పుచేసి కట్టిన ఫీజు ఆ పసివాడి నెత్తిన బరువవుతుంది. మార్కు తగ్గితే తానొక్కడే ఓడిపోలేదనీ, ఇల్లంతా ఓడిందనీ అనుకుంటాడు.

అయితే చదువు ఒత్తిడే సమస్తమూ అనడం పొరపాటు. చికిత్స అందని మానసిక వ్యాధి, ఇంట్లో హింస, లైంగిక పీడన, కులం పేరిట అవమానం, లోగడ చేసిన ప్రయత్నం – ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. సాధారణంగా ఏ చావుకూ ఒక్కటే కారణం ఉండదు. అందువల్లనే రక్షణకూ అనేక దారులున్నవి: మాట వినే పెద్దవారు, స్నేహితులు, కంటినిండా నిద్ర, ఆట, పొలం మందులు పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచడం, వేళకు వైద్యం. అన్నిటినీ మించి, మరొక అవకాశం. తమిళనాడులో తప్పినవారికి ఏడాది వృథా కాకుండా వెంటనే మళ్లీ పరీక్ష పెట్టే పద్ధతి వచ్చాక, పరీక్ష తప్పినందువల్ల జరిగే ఆత్మహత్యలు తగ్గాయి. మనకూ ఆ పరీక్ష ఉన్నది. కాని సప్లిమెంటరీ అనే మాటను మనం తిట్టులా వాడుతున్నాం.

ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి సంఘాన్ని, 2017లో చక్రపాణి సంఘాన్ని నియమించింది. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, మార్కులనుబట్టి పిల్లలను విడదీయరాదనీ, 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు ఉండాలనీ ఆదేశించింది. ఆ ఆదేశాలు మన ఊరి కళాశాలలో అమలవుతున్నాయా అని అడగవలసినవాళ్లం మనమే.

వ్యవస్థ మారితే అన్నీ సర్దుకుంటాయని అభ్యుదయవాదులలో ఒక ధోరణి ఉన్నది. చదువును సరుకుగా మార్చిన వ్యవస్థతో పోరాటం సాగవలసిందే. కాని రేపటి తరగతిలో వెనక బల్లమీద మౌనంగా కూర్చునే పిల్లవాడు అందాకా ఆగలేడు. చనిపోవాలనిపిస్తున్నదా అని నెమ్మదిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధకులు తేల్చారు. ఉపాధ్యాయుడు అడగాలి, తీర్పు చెప్పకుండా వినాలి, ఒంటరిగా వదలకుండా వైద్యుడి దాకా వెంట వెళ్లాలి. టెలీ మానస్ 14416 నంబరు ప్రతి తరగతి గోడమీదా ఉండాలి. ర్యాంకుల పట్టికలకు చోటున్న గోడలే అవి.