మేడ మీది గది

1928 జూలై 30. మొరావియా కొండల్లోని హుక్వాల్డీ అనే పల్లెలో నలుగురు దిగారు. ముందు నడుస్తున్నది దట్టమైన తెల్లజుట్టు, తెల్లమీసాల పెద్దమనిషి. ఆ నెల 3వ తేదీకే 74 నిండాయి. ఆయన పక్కన నల్లజుట్టు, బొద్దుగా, చలాకీగా 36 ఏళ్ళ ఆవిడ. వెనక ఆవిడ భర్త, చిన్నకొడుకు.

పెద్దాయన ఊరికి కొత్త కాదు. ఆ ఊరి బళ్ళోనే పుట్టాడు. తండ్రి బడిపంతులు. 11 ఏళ్ళప్పుడు పాట నేర్చుకోమని బ్ర్నో నగరంలోని మఠానికి పంపేస్తే అక్కడే పెరిగి, అక్కడే పంతులై, ముసలితనంలో దేశమంతా చెప్పుకునే సంగీతకర్త అయ్యాడు. పేరు లెయొష్ యానాచెక్. పుట్టిన ఊరి మీద మమకారం పోక, చనిపోయిన సోదరుడి భార్య దగ్గర 1921 చివర్లో ఓ ఇల్లు కొన్నాడు. ఏటా వేసవికి వచ్చి, కోట శిథిలాల కింద అడవిలో తిరిగి, పిట్టల కూతలు పుస్తకంలో రాసుకుని వెళ్ళేవాడు. ఊరికి ఇది అలవాటే.

ఈసారి మాత్రం ఇంటి మీద కొత్తగా ఓ గది లేచింది. అది ఎవరి కోసమో ఆ సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది.

‘పంతులుగారి అబ్బాయికి ఈ వయసులో ఇదేం బుద్ధి’ అని గుడి మెట్ల మీద ఎవరో ఒకరు అనకుండా ఉంటారా? మన దగ్గరైతే ‘ముసలోడికి దసరా పండగ’ అని నవ్వేసి ఊరుకునేవాళ్ళు. అక్కడ నవ్వడానికి వీల్లేకుండా పక్కనే భర్త ఉన్నాడు. భర్తే స్వయంగా తీసుకొచ్చి దింపాడంటే ఏమనుకోవాలి? కొద్ది రోజులకు ఆ భర్త కూడా వ్యాపారం పనంటూ వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది ముసలాయన, ఆవిడ, పిల్లవాడు.

అసలు కథ 11 ఏళ్ళ కిందటిది.

1917 వేసవి. లుహచోవిత్సె అనే ఊట నీళ్ళ ఊరికి ఒంటికి మంచిదని యానాచెక్ ఏటా వెళ్ళేవాడు. అక్కడ కనిపించింది కమీలా స్టోస్లోవా. పాత వస్తువుల వ్యాపారి దావిద్ స్టోసెల్ భార్య, ఇద్దరు పిల్లల తల్లి, అప్పటికి 25 ఏళ్ళు. ఈయనకు 63. పరిచయమైన కొద్ది రోజులకే గులాబీలు, వాటితో పాటు ఓ చీటీ వెళ్ళాయి. అక్కడ మొదలైన ఉత్తరాలు చివరికి 700 దాటాయి.

అప్పుడు ఆయన ఇంటి పరిస్థితేమిటో చెప్పకపోతే ఈ కథ ఉత్త ముసలి సరసంలా వినిపిస్తుంది. 1881లో జ్డెంకాను పెళ్ళాడినప్పుడు ఆ అమ్మాయికి ఇంకా 16 నిండలేదు. ఆయన దగ్గర పియానో నేర్చుకున్న పిల్ల, ఆయన పైఅధికారి కూతురు. కొడుకు రెండేళ్ళకే పోయాడు. కూతురు ఓల్గా 1903లో, 20 ఏళ్ళకు పోయింది. మనుషుల మాటలోని ఎత్తుపల్లాలను స్వరాలుగా రాసుకోవడం యానాచెక్ అలవాటు. చచ్చిపోతున్న కూతురి మూలుగును కూడా అలాగే రాసుకున్నాడు. ఏ మనిషి అలా చేయగలడని కోపం వస్తుంది. ఆయనకు తెలిసిన ఏడుపు అదొక్కటేనేమో అని కూడా అనిపిస్తుంది.

‘యేనూఫా’ అనే ఆయన సంగీతరూపకం 1904లో బ్ర్నోలో ఆడింది. రాజధాని ప్రాగ్ దాన్ని 12 ఏళ్ళు గుమ్మంలోనే నిలబెట్టింది. 1916లో అక్కడ ఆడేసరికి ఒక్కసారిగా పేరొచ్చింది. పేరుతో పాటు ఓ గాయనితో సంబంధమూ వచ్చింది. జ్డెంకా ఆత్మహత్యాయత్నం చేసింది. 1917 జనవరిలో ఇద్దరూ ఓ ఒప్పందానికి వచ్చారు: ఒకే ఇంట్లో ఉంటారు, మొగుడూ పెళ్ళాలుగా కాదు. ఆ ఒప్పందం తడి ఆరకముందే లుహచోవిత్సెలో కమీలా కనిపించింది.

విచిత్రమేమిటంటే మొదట్లో రెండు కుటుంబాలూ కలిసిపోయాయి. యుద్ధకాలం. తిండి దొరకని రోజులు. సరుకులు సంపాదించడంలో దావిద్ గట్టివాడు, యానాచెక్ ఇంటికీ అవి అందేవి. జ్డెంకాకు కూడా మొదట్లో కమీలా అంటే ఇష్టమే. ఈ పిల్ల మా ఇల్లు కూల్చే మనిషి కాదనుకుంది. ఆ అంచనా తప్పని చెప్పలేం కూడా. కమీలా ఏమీ కూల్చలేదు. ఆమెకు సంగీతం మీద పెద్ద ఆసక్తి లేదు. చదువు అంతంత మాత్రం. ఉత్తరానికి ఉత్తరం రాసే ఓపికా లేదు. ఈయన పది రాస్తే ఎప్పుడో ఓ జవాబు, అందులో ఇంటి సంగతులు.

అది చాలు ఆయనకు. తన ఊరినీ అమ్మానాన్ననూ వదిలి జిప్సీ పిల్ల వెంట వెళ్ళిపోయిన పల్లెటూరి కుర్రాడి పద్యాలు పత్రికలో చూసి పాటలు కట్టాడు. ఆ జిప్సీ పిల్ల నువ్వే అని కమీలాకు రాశాడు. పెళ్ళయిన ఇల్లాలు మరొకరిని ప్రేమించి నదిలో దూకే ‘కాత్యా కబనోవా’ 1921లో వచ్చింది. దాన్ని ఆమెకే అంకితమిచ్చాడు. ఆ తర్వాత గడుసు ఆడనక్క కథ, 337 ఏళ్ళు బతికిన గాయని కథ. స్టోసెల్ దంపతులు కాపురం పెట్టిన పీసెక్ ఊళ్ళో, పార్కులో ఆమె పక్కన కూర్చుని విన్న సైనికుల బ్యాండు ‘సిన్‌ఫొనియెట్టా’లోకి ఎక్కింది. సాధారణంగా సంగీతకర్తలు వెనక్కి తిరిగి చూసుకునే వయసులో ఈయన రాసినవి చూస్తే నమ్మబుద్ధి కాదు. 65 దాటాక రాసిన వాటితోనే ఇవాళ ప్రపంచం ఆయన్ని ఎక్కువగా గుర్తుపెట్టుకుంది.

1927 ఏప్రిల్ నుంచి ఉత్తరాల్లో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. దాదాపు రోజుకో ఉత్తరం. 1928 జనవరి 29న మొదలుపెట్టి ఫిబ్రవరి 19కల్లా ఓ తంత్రీవాద్య చతుష్టయం పూర్తి చేశాడు. మొదట దానికి ‘ప్రేమలేఖలు’ అని పేరు పెట్టి, తర్వాత కాస్త తగ్గించి ‘ఆంతరంగిక లేఖలు’ అన్నాడు. తమ కథ మొత్తం అందులో ఉందని ఆమెకు చెప్పాడు. ఆమె ఏం విందో, ఎంత విందో వేరే సంగతి. ఆ వేసవికి ముందు బ్ర్నోలో తన ఇంట్లోనే వాద్యకారుల సాధన విని సంతోషించాడు. సభలో వినే రాత లేదు.

ఇక హుక్వాల్డీ. ఎన్నేళ్ళుగానో రమ్మంటున్నాడు. ఎప్పటికప్పుడు ఏదో అడ్డం. చివరికి ఆమె వచ్చిన ఆ జూలై 30 జ్డెంకా పుట్టినరోజు. బ్ర్నో ఇంట్లో ఆవిడ 63వ ఏడు నిండిన రోజున, ఈయన ఇంకొకావిడకు మేడ మీది గది చూపిస్తున్నాడు.

ఆ పన్నెండు రోజులు ఎలా గడిచాయో ఓ ఆల్బమ్‌లో కొంత మిగిలింది. అంతకుముందు ఏడాది నుంచి కమీలా కోసం చిన్నచిన్న స్వరాలూ రెండు మూడు ముక్కలూ రాస్తున్న పుస్తకం అది. పక్కగదిలో బల్ల మీద సైబీరియా ఖైదీల కథతో కట్టిన చివరి రూపకం మూడో అంకం సరిచూడాల్సి ఉంది. పొద్దున పని, మధ్యాహ్నం నడక. కోట వైపు, జింకలున్న అడవి వైపు, చుట్టుపక్కల కొండల వైపు. ఎదురుపడిన ఊరివాళ్ళు టోపీ తీసి నమస్కారం పెట్టి, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసి ఉంటారు. ఆయన పట్టించుకునే స్థితిలో లేడు. ఆగస్టు 5న ఆ ఆల్బమ్‌లోనే వీలునామాకు అనుబంధం రాశాడు. కొన్ని రచనల మీద వచ్చే ఆదాయం కమీలాకు చెందాలని.

ప్రేమలేఖల పుస్తకంలో ఆస్తి పంపకం! ఆ పెద్దమనిషికి లోకజ్ఞానం బొత్తిగా లేదనుకోవాలో, మరీ ఎక్కువుందనుకోవాలో మీరే తేల్చుకోండి.

ఆ రోజుల్లోనే స్ట్రాంబెర్క్ కొండల వైపు విహారానికి వెళ్ళారు. పిల్లవాడు ఒట్టో కనిపించకపోతే ముసలాయన గాభరాగా వెతుకుతూ కొండెక్కి, చెమటలు పట్టి, ఆ ఒంటి మీద చల్లగాలి తగిలించుకున్నాడని తర్వాత ఊరూరా కథగా చెప్పుకున్నారు. తప్పిపోయిన పిల్లాడి సంగతెలా ఉన్నా జలుబు నిజం. అది న్యుమోనియాగా ముదిరింది. వైద్యుడు ఆస్పత్రికి వెళ్ళాలన్నాడు. ఆగస్టు 10న ఓస్త్రవాలోని ఓ ఆరోగ్యశాలకు తీసుకెళ్ళారు. 12వ తేదీ, ఆదివారం, ఉదయం 10 గంటలకు ప్రాణం పోయింది. దగ్గరున్నది కమీలా. కబురంది జ్డెంకా ఓస్త్రవా చేరేసరికి అంతా అయిపోయింది.

47 ఏళ్ళ కాపురానికి ఆఖరి మాట కూడా దక్కలేదు. ఈ కథను పెద్ద వయసు ప్రేమ గొప్పతనంగా చెప్పేవాళ్ళు ఈ ఒక్కచోట గబగబా దాటేస్తారు. నేను దాటలేను. ఆయన సంగీతానికి దండం పెడతాను. ఆ సంగీతానికి వెల కట్టింది మాత్రం ఆయన కాదు. ఒకావిడ పెళ్ళాంగా ఉండి పెళ్ళాం కాకుండా పోయింది. ఇంకొకావిడ తను అడగని కిరీటం మోసి, రెండు ఊళ్ళ నోళ్ళలో నానింది. పీసెక్‌లో తన పిల్లలతో, మొగుడితో మామూలుగా బతకాలనుకున్న మనిషి ఆమె. అంత పెద్ద ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదంటే అందులో ఆమె తప్పేముంది?

ఆగస్టు 15న బ్ర్నోలో అంత్యక్రియలు. ఆడనక్క కథలోని చివరి ఘట్టం వాయించారు: ముసలి అటవీ ఉద్యోగి అడవిలో కూర్చుని, అన్నీ మళ్ళీ మొదలవుతాయని చూసి సంతోషించే చోటు. సెప్టెంబర్ 11న ‘ఆంతరంగిక లేఖలు’ మొదటిసారి సభలో వినిపించింది. ఆల్బమ్‌లోని వీలునామా మాత్రం అంత మధురంగా వినిపించలేదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య అది తగవైంది.

కమీలా 1935లో క్యాన్సర్‌తో పోయింది. 43 ఏళ్ళు. జ్డెంకా 1938 దాకా ఉంది. తన వైపు కథను మరొకరి చేత రాయించుకుని మరీ వెళ్ళింది. హుక్వాల్డీ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. యానాచెక్ ఉత్తరాలు చెక్ భాషలో పూర్తిగా అచ్చయింది 1990లో. కమీలా రాసిన వాటిలో మాత్రం చాలా వరకు లేవు. ఆమె కోరిక మీద ఆయనే కాల్చేశాడు.