నిలకడ కోసం రెండు శతాబ్దాలు

థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసిన వాళ్లకు హంటింగ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చార్టు మీద తిన్నగా సాగాల్సిన గీత పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది. వాల్వు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. కంట్రోలర్ దిద్దబోయే కొద్దీ తేడా పెరుగుతుంది. సింగరేణి బొగ్గుతో నడిచే ఒక స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను నేను. ఆ ఊగిసలాటను ఆపడమే నా వృత్తి. దానికి రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కొత్తగా డ్యూటీలో చేరే పిల్లలకు అది ఎవరూ చెప్పరు గనుక ఇక్కడ రాస్తున్నాను.

1788లో మాథ్యూ బౌల్టన్ లండన్‌లోని ఆల్బియన్ పిండిమిల్లులో తిరుగలి రాళ్ల మధ్య ఎడాన్ని సరిచేసే ఒక సాధనాన్ని చూశాడు. దాని గురించి భాగస్వామి జేమ్స్ వాట్‌కు ఉత్తరం రాశాడు. దాన్నే వాట్ ఆవిరియంత్రానికి బిగించాడు. యంత్రం వేగం పెరిగితే రెండు లోహపు గుండ్లు బయటికి విచ్చుకుని ఆవిరిని తగ్గిస్తాయి, వేగం తగ్గితే దగ్గరికొచ్చి ఆవిరిని పెంచుతాయి. తొలినాటి మోటు యంత్రాల్లో రాపిడి ఎక్కువ. ఆ రాపిడే ఊగిసలాటను అణిచేసేది. పనితనం పెరిగి భాగాలు నున్నగా తిరగడం మొదలయ్యాక గవర్నర్లు హంటింగ్‌కు లోనయ్యాయి. యంత్రం మెరుగైంది, నిలకడ పోయింది.

అప్పుడు గణితం రంగంలోకి దిగింది. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల మీద పేపరు రాసి, ఊగిసలాట ఎప్పుడు చల్లారుతుందో, ఎప్పుడు పెరుగుతుందో సమీకరణాల్లో పెట్టాడు. 1876లో రష్యాలో విష్నెగ్రాద్‌స్కీ ఆవిరియంత్రాల గవర్నర్‌కు రాపిడి ఎంత అవసరమో లెక్కగట్టాడు. జూరిక్‌లో స్టొడోలా నీటి టర్బైన్ల గవర్నర్లతో తలపడుతూ, తన సమస్యను సహోద్యోగి హుర్విట్జ్ ముందు పెట్టాడు. 1895లో హుర్విట్జ్ ఇచ్చిన పరీక్షను దావోస్‌లోని టర్బైన్ కేంద్రంలో వాడి చూశారు, ఫలించింది. మన కాలేజీల్లో ‘రౌత్-హుర్విట్జ్’ అని బట్టీ పట్టే ఆ పరీక్ష వెనుక ఊగుతున్న ఒక టర్బైన్ ఉందని తెలిస్తే, పిల్లలు దాన్ని మరో కంటితో చూస్తారు.

ఈ లెక్కలన్నిటికీ ఒక షరతు ఉంది. యంత్రం గుణం మారకూడదు, మారినా కొద్దిగానే మారాలి. నేను పనిచేసిన బాయిలర్‌కు ఆ షరతు పట్టలేదు. వాన కురిస్తే బొగ్గు తడుస్తుంది. గని మారితే బూడిద శాతం మారుతుంది. పూర్తి లోడ్ దగ్గర చక్కగా ట్యూన్ చేసిన కంట్రోలర్, లోడ్ తగ్గించగానే ఊగడం మొదలుపెట్టేది. బాయిలర్ డ్రమ్‌లో నీటి లెవెల్ సంగతి మరీ చిత్రం. లోడ్ ఒక్కసారిగా పెరిగితే పీడనం పడిపోయి, నీటిలోని ఆవిరి బుడగలు ఉబ్బుతాయి. నీరు నిజానికి తగ్గుతూ ఉంటే లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది. అది నమ్మి ఫీడ్‌వాటర్ తగ్గిస్తే కాసేపటికి డ్రమ్ ఖాళీ అయ్యే ప్రమాదం. అందుకే లెవెల్‌తో పాటు ఆవిరి ప్రవాహాన్నీ, నీటి ప్రవాహాన్నీ కలిపి చూసే పద్ధతి వచ్చింది. “ఆటో నమ్మకండి సార్, మాన్యువల్‌కి తీసుకోండి” అనే సీనియర్ ఆపరేటర్ల దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఏ లోడ్ దగ్గర వాల్వు ఎలా ప్రవర్తిస్తుందో వాళ్ల చేతికి తెలుసు. పరిస్థితిని బట్టి తన చేతిని తానే మార్చుకోగల కంట్రోలర్ కావాలని ఇంజనీర్లు కోరుకున్నది కూడా అందుకే.

ఆ కోరిక మొదట విమానాల్లో బలపడింది. ఎత్తును బట్టీ వేగాన్ని బట్టీ విమానం గుణం మారిపోతుంది కదా. 1958లో ఎంఐటీలో విటేకర్ బృందం, నడుస్తూనే తనను తాను దిద్దుకునే అడాప్టివ్ కంట్రోలర్‌కు ఒక సూత్రం ప్రతిపాదించింది. అది నిలకడగా ఉంటుందన్న రుజువు మాత్రం అప్పటికి లేదు. 1967 నవంబర్ 15న అడాప్టివ్ కంట్రోలర్ ఉన్న ఎక్స్-15 పరిశోధక విమానం కూలి పైలట్ మైకేల్ ఆడమ్స్ చనిపోయాడు. కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. విమానం స్పిన్‌లోంచి బయటపడ్డాక కూడా ఆ కంట్రోల్ వ్యవస్థ ఆగని ఊగిసలాటలో చిక్కుకోవడం వాటిలో ఒకటి. 1973లో స్వీడన్‌లో ఆస్ట్రమ్, విటెన్‌మార్క్‌లు సెల్ఫ్-ట్యూనింగ్ రెగ్యులేటర్‌ను పరిశ్రమలకు పనికొచ్చే రూపంలో వివరించారు. నిలకడకు గట్టి రుజువులు 1980 ప్రాంతంలో వచ్చాయి. వాటిని సాధించిన వారిలో మద్రాసులో పుట్టి, యేల్‌లో పనిచేసిన కుంపటి నరేంద్ర ఒకరు. ఆయన ఆధారపడ్డది 1892లో లయపునోవ్ రాసిన నిలకడ సిద్ధాంతం మీద. నాన్‌లీనియర్ వ్యవస్థల మీద ప్రపంచమంతా చదివిన పాఠ్యపుస్తకాల్లో 1978లో వచ్చిన ఒకటి, గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్‌ది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

జనరేటర్లలోనూ ఇదే కథ. గ్రిడ్‌తో కట్టుబడి తిరిగే జనరేటర్ ఇచ్చే పవర్ దాని రోటర్ కోణానికి సైన్ లెక్కన మారుతుంది. కోణం ఒక హద్దు దాటితే యంత్రం గ్రిడ్‌తో జత తప్పుతుంది. ఆ ప్రమాదాన్ని తట్టుకోవడానికి వేగంగా స్పందించే ఏవీఆర్‌లు (ఆటోమేటిక్ వోల్టేజ్ రెగ్యులేటర్లు) పెట్టారు. అవి వోల్టేజీని చక్కగా పట్టుకున్నాయి గాని, రోటర్ ఊగును అణిచే శక్తిని కొన్ని పరిస్థితుల్లో తినేశాయి. 1969లో డిమెల్లో, కాంకార్డియా ఆ చిక్కును విడమరిచాక పవర్ సిస్టమ్ స్టెబిలైజర్ల వాడకం స్థిరపడింది. మన దక్షిణ గ్రిడ్‌లో మరో తీరు. 50 హెర్ట్జ్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ ఒకప్పుడు 48.5 కంటే కిందికి జారిపోయేది. దాని వెంట వాల్వులు అదేపనిగా కదలకుండా చాలాచోట్ల గవర్నర్లను కట్టేసి నడిపేవారు. అందరూ కట్టేస్తే గ్రిడ్‌ను పట్టుకునే వాళ్లెవరు? 2003 జనవరి 1న ఫ్రీక్వెన్సీతో ముడిపెట్టిన కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చాక పరిస్థితి కుదుటపడింది. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ లైన్‌తో దక్షిణ గ్రిడ్ దేశపు గ్రిడ్‌లో కలిసింది.

ఇప్పుడు కర్నూలు ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అక్కడ తిరిగే బరువైన రోటర్ లేదు, ఇన్వర్టర్లు ఉన్నాయి. వాట్ కాలపు యంత్రాలకు రాపిడి చేసిన మేలును ఇన్నాళ్లూ గ్రిడ్‌కు రోటర్ల జడత్వం చేసింది. అది తగ్గుతున్న కొద్దీ కంట్రోలర్ల మీద భారం పెరుగుతుంది. కొత్త కంట్రోలర్ ఏది తెచ్చినా, అది ఎక్కడ నిలకడ తప్పుతుందో ముందు తేల్చమని అడగాలి. ఈ ప్రశ్న వాయిదా వేసిన ప్రతిసారీ దాని ఖరీదు యంత్రమో, మనిషో చెల్లించాల్సి వచ్చింది. జవాబు రాసివ్వగల ఇంజనీర్లు మనకు కావాలి. అందుకు లయపునోవ్‌ను పరీక్ష కోసం చదివించి వదిలేస్తే చాలదు, పిల్లల్ని నడుస్తున్న బాయిలర్ ముందు నిలబెట్టి చదివించాలి.