రెండు పేటల బలము

1953వ సంవత్సరమున కేంబ్రిడ్జి నగరమునందు వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు, జీవుల వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. రెండు పేటలుగా పెనవేసికొని యున్నదని ప్రకటించిరి. లండనులోని కింగ్స్ కళాశాలయందు ఫ్రాంక్లిన్, గోస్లింగులు 1952లో తీసిన ఎక్స్‌కిరణ చిత్రము వారికి మిక్కిలి తోడ్పడెను. ఒక పేటలోని అడినీన్ రెండవ పేటలోని థైమీనుతోను, గ్వానీన్ సైటోసీనుతోను జతకూడును. మొదటి జతకు హైడ్రోజన్ బంధములు రెండు, రెండవదానికి మూడు. ఆ మూడవ బంధమును 1956లో పౌలింగ్, కోరీలు చూపిరి.

ఈ పేటలు ఎంత గట్టివి? విడరానంత గట్టివైనచో కణము తన వ్రాతను చదువుకొనజాలదు. ఊరక విడిపోవునవైనచో ఆ వ్రాత తరతరములకు నిలువదు. కావున ఈ ప్రశ్న చిన్నది కాదు.

అమెరికాలో మర్మూర్, డోటీ అను వారు డి.ఎన్.ఏ. ద్రావణమును మెల్లగా వేడిచేయుచు, అది అతినీలలోహిత కాంతిని ఎంత మ్రింగుచున్నదో కొలిచిరి. పేటలు విడినకొలది ఆ మ్రింగుడు హెచ్చును. గ్వానీన్, సైటోసీనుల పాలు నూటికి ఒకటి పెరిగినచో, పేటలు విడు వేడిమి 0.41 డిగ్రీలు పెరుగునని 1962లో వారు సూత్రము వ్రాసిరి. వారు వాడిన ఉప్పునీటిలో ఆ పాలు నూటికి 40 అయినచో 85.7 డిగ్రీలు, 60 అయినచో 93.9. మూడు బంధములు రెంటికంటె బలమైనవి. ఇంతతో సమస్య తీరినదని పెక్కుమంది తలచిరి.

కాని 'తల' యనినను 'లత' యనినను అక్షరములవే. వరుస మారగా అర్థము మారినది. డి.ఎన్.ఏ.లోను అట్లే. జతలు కుండల దొంతరవలె ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. ఏ జతపై ఏ జత కూర్చున్నదను దానినిబట్టి దొంతర బిగువు మారును. ఇట్టి ఇరుగుపొరుగుల కూర్పులు పది. 1964లో క్రోథర్స్, జిమ్ములు ఈ భావమును సిద్ధాంతముగా తీర్చిరి. 1986లో బ్రెస్లావర్ బృందము ఆ బలములను కొలిచి పట్టికగా వేసెను. పలువురి కొలతలను 1998లో సాంటలూసియా సమన్వయపరచెను. ఆయన పట్టికలో అడినీన్ వెంట అడినీన్ వచ్చినచో 1.00 కిలోకెలోరీ బలము. థైమీన్ వెంట అడినీన్ వచ్చినచో 0.58 మాత్రమే. రెండుచోట్లను జతలు అవే, బంధముల సంఖ్యయు అదే!

2006లో ఫ్రాంక్-కామెనెట్స్కీ బృందము మరియొక అడుగు వేసెను. పేటలను నిలుపు బలములో ప్రధానమైనది దొంతరయే గాని జతల బంధము కాదని వారు నిర్ణయించిరి. కారణము సులభము: పేటలు విడినపుడు ఆ క్షారములు చుట్టునున్న నీటితో బంధములు కట్టుకొనును, కావున జతకూడుటవలన మిగులు లాభము స్వల్పము.

ప్రకృతి ఈ సడలును వాడుకొనుచున్నది. బ్యాక్టీరియాలో జన్యువుల ముందు 1975లో ప్రిబ్నో గుర్తించిన ఆరక్షరముల చిహ్నమున థైమీన్ వెంట అడినీన్ రెండుమార్లు వచ్చును. ప్రోటీను ఆ గుర్తును పట్టి పేటలను విప్పుటకు అచటి సడలు తోడగును. రోగక్రిములను కనిపెట్టు పరీక్షలలో చిన్న డి.ఎన్.ఏ. తునకలను ఎన్నుకొనువారును నేడు ఇట్టి పట్టికలనే చూచుచున్నారు. అక్షరములను లెక్కించిన చాలదు. వాని పొరుగును గూడ చూడవలెను.