మోకాలు దెబ్బతిన్నా తగ్గని పంత్ దూకుడు

భారత వికెట్‌కీపర్, ఎడమచేతి వాటం బ్యాట్స్‌మన్ రిషభ్ పంత్ 1997 అక్టోబరు 4న రూర్కీలో జన్మించాడు. 2018లో నాటింగ్‌హామ్‌లో టెస్టు అరంగేట్రం చేసి, సిక్సర్‌తోనే పరుగుల ఖాతా తెరిచాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో అజేయంగా 89 పరుగులు చేసి భారత్‌కు సిరీస్ అందించాడు. అంతకుముందు నిర్లక్ష్యమని విమర్శలకు గురైన ఆటతీరే అది.

2022 డిసెంబరు 30న రూర్కీ సమీపంలో కారు డివైడర్‌ను ఢీకొని దగ్ధమైన ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. వికెట్‌కీపర్‌కు మోకాళ్లే ఆధారం. ప్రతి బంతికీ కూర్చుని లేవాలి. దాదాపు 15 నెలల అనంతరం మైదానంలోకి వచ్చిన పంత్, తొలి అర్ధశతకాన్ని మన విశాఖపట్నంలోనే సాధించాడు. 2024 మార్చి 31న ఢిల్లీ తరఫున చెన్నైపై 32 బంతుల్లో 51 పరుగులు చేశాడు. 2025 జూన్‌లో లీడ్స్ టెస్టులో భారత్ ఓడినప్పటికీ, రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు (134, 118) నమోదు చేశాడు.